లేనివాళ్ళ హాజరు

గట్టు 61వ ఏడు, 112వ రోజు

ఈ పుస్తకం చేత్తో కుట్టుకున్న కాగితం. పలుకుపెట్టె నోటిమాటే వింటుంది, రాత దానికి వినబడదు. అందుకని రాస్తున్నాను. నా పేరు వేదవతి. ఒకప్పుడు గట్టు న్యాయస్థానంలో వాదించేదాన్ని. ఇప్పుడు మూడో గట్టు బళ్ళో పధ్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలకి హక్కుల పాఠం చెబుతున్నాను. పిల్లలు నన్ను ప్లీడరమ్మగారంటారు. నేను వాదన మానేసి పదేళ్ళయినా ఆ పేరు నన్ను మానలేదు.

పొద్దున్నే వచ్చి బెంచీల మీద ఉప్పు తుడిచాను. దక్షిణపు గాలి వీస్తే తెల్లారేసరికి గోరు మందాన పేరుకుంటుంది. గట్టు అవతల సముద్రం, ఇవతల మేము, మధ్యలో పంపుల హోరు. ఆ హోరులో పుట్టిన పిల్లలు కాబట్టి వీళ్ళు మామూలు మాట కూడా గట్టిగానే మాట్లాడతారు.

హాజరు పలుకుపెట్టె తీసుకుంటుంది. గోడకి బిగించిన డబ్బా అది. పేరు పిలుస్తుంది, పిల్లలు పలుకుతారు, గొంతు గుర్తుపట్టి తనే నమోదు చేసుకుంటుంది. సాయంత్రం ఆ పట్టీ కింద నేను సంతకం పెడతాను. పట్టీలో ఇరవై నాలుగు పేర్లు. ఇవాళ తరగతిలో కూర్చున్నది ఇరవై రెండు మంది. పలికినవి మాత్రం ఇరవై నాలుగు గొంతులు.

అందులో ఒకటి మాకు అలవాటైన గొంతే. పట్టీలో మొదటి పేరు గవర్రాజు. ఐదేళ్ళ కిందట ఒక రోజు బడికి రాలేదు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. పెట్టె రోజూ వాడిని పిలుస్తుంది. పధ్నాలుగేళ్ళ వాడి గొంతుతోనే "వచ్చానండి" అని వినబడుతుంది. ముందు బెంచీ చివర పిల్లలు వాడికి చోటు వదులుతారు. వదలమని ఎవరు చెప్పారో తెలియదు, ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి అలా వస్తోంది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం భయపడతారు. రెండో వారం నుంచి ఆ చోట్లో పలక కూడా పెట్టరు. ఆ పేరు వచ్చినప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తాను. ఐదేళ్ళుగా అలాగే చూస్తున్నాను.

రెండో గొంతు ఇవాళ కొత్తగా వచ్చింది. "నూకరత్నం" అని పిలిచింది పెట్టె. మూడో బెంచీలో ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది. "ఆయ్, వచ్చేనండి" అని వినబడింది.

ఆ గొంతులో జలుబు ఉంది. పది రోజుల కిందట వానలో తడిసి వచ్చింది నూకరత్నం. అది ఆ రోజు గొంతు. పిల్లలందరూ ఒక్కసారిగా నా మొహం చూశారు.

ఆ పిల్లకి నోరెక్కువని మిగతా టీచర్లంటారు. నాకు ఆ నోరంటే ప్రాణం. నేను సగం వాక్యంలో ఉండగానే "ఎందుకండి?" అంటుంది. విసుక్కుంటాను గానీ, ఇంటికెళ్ళాక ఆ ప్రశ్నే తలుచుకుంటాను.

సాయంత్రం ఇరవై నాలుగు మందికీ సంతకం పెట్టాను. పెట్టానని దాచుకోకుండా ఉండడానికే ఈ పుస్తకం మొదలుపెట్టాను.

113వ రోజు

నూకరత్నం తండ్రి తాతారావు వచ్చాడు. రెండో పంపు దగ్గర పని చేస్తాడు, మెత్తని మనిషి. చెప్పులు బయటే విప్పి, గుమ్మం దాటకుండా నిలబడ్డాడు.

"పాప మొన్న సాయంత్రం నుంచి ఇంటికి రాలేదండి."

"ఎక్కడెక్కడ చూశావయ్యా?"

"తూము కాడ కావలోళ్ళు పట్టుకెళ్ళేరని ఎండుచేపలమ్మే ఆవిడ చెప్పిందండి. సంచీ ఎతుకుతామన్నారంట, ఇదేమో కాగితం చూపించమందంట. ఇచారణ ఇంటికెళ్ళి అడిగేను. ఇక్కడ లేదన్నారండి. మీ పిల్ల బళ్ళోనే ఉందని హాజరు పట్టీ చూపించేరు. నిన్నటి తేదీయే. కింద మీ సంతకం ఉందండి."

అతను లోపలికి తొంగిచూశాడు.

"మీరు సంతకం పెట్టేరంటే ఉన్నట్టే కదండి. పిలవద్దులెండి, పాఠం పాడవుద్ది. ఇలా గుమ్మంలోంచి చూసి ఎల్లిపోతానండి."

చూపించడానికి నా దగ్గర ఖాళీ బెంచీ ఉంది. అదే చూపించాను. అతను చాలాసేపు దాని వంకే చూసి, చెప్పులు వేసుకోవడం మరిచిపోయి, చేత్తో పట్టుకుని వెళ్ళాడు.

"అడగందే అమ్మయినా పెట్టదు. ఈ వారం ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట ఒక్క హక్కయినా అడిగి రండి." అని కిందటి శుక్రవారం పిల్లలకి ఇంటిపని ఇచ్చింది నేనే. సంచీ వెతకాలంటే కాగితం చూపించాలన్నది మా పాఠంలో రెండో హక్కు. ఆ పిల్ల ఇంటిపని చేసింది.

ఇంకో సంగతి కూడా రాయాలి, రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు? లేని పిల్ల గొంతు పెట్టెలో ఎందుకు పలుకుతుందో నాకు తెలుసు. ఆ నిబంధన రాసింది నేనే.

పూర్వం నెలలో మూడు రోజులు బడికి రాకపోతే పేరు కొట్టేసేవారు. ఇప్పటికీ అంతే. పేరు కొట్టేస్తే పంపుల పనికి పంపుతారు. చట్టం కళ్ళకి ఆ తరవాత వాళ్ళు పిల్లలు కారు. చిన్న చిన్న తప్పులకి విచారణ ఇంట్లో నాలుగు రోజులుండి వచ్చిన పిల్లలకి బడి లేకుండా పోయేది. రెండేళ్ళు గట్టుని ఏలే సంఘంతో పోట్లాడి పదకొండో నిబంధన తెచ్చాను. విచారణ ఇంట్లో ఉన్న పిల్లకి హాజరు పోకూడదు. ఆ పిల్ల పాత గొంతుతో పెట్టే పలకాలి. దొంగ అని ఎవరూ వేలెత్తి చూపకుండా, తీసుకెళ్ళిన సంగతి బడికి చెప్పనక్కరలేదు.

ఆ ఆఖరి ముక్క సంఘం అడిగింది. అంతకుముందు మా పాఠంలో ఐదో హక్కు ఇలా ఉండేది: "నన్ను తీసుకెళ్ళినట్టు మా బడికి చెప్పాలి." దాన్ని తీసేసి "నా హాజరు పోకూడదు" అని పెట్టాను. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకున్నాననుకున్నాను. నాకు శాలువా కప్పారు. ఇంట్లో ట్రంకు అడుగున ఎక్కడో ఉంది, చూడబుద్ధి కాదు.

పదహారు నిండని పిల్లని ఏడు రోజులకి మించి ఉంచుకోకూడదని చట్టం. కానీ బళ్ళో హాజరు పడుతున్న పిల్ల వాళ్ళ దగ్గర ఉన్నట్టే లెక్క కాదు. లేని పిల్లకి ఏడు రోజులు ఎప్పుడు మొదలవుతాయి? నేను సంతకం పెట్టినంతకాలం మొదలు కావు.

114వ రోజు

తనిఖీ అధికారి విశ్వపతిగారి దగ్గరికి వెళ్ళాను. పదకొండో నిబంధన రాసేటప్పుడు సంఘం తరఫున నా ఎదురుగా కూర్చున్నది ఆయనే. శాలువా కప్పింది కూడా ఆయనే. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. మజ్జిగ తెప్పించాడు.

"బళ్ళో ఉన్న పిల్ల ఇక్కడెలా ఉంటుందండి?" అన్నాడు.

"పిల్ల మీ దగ్గరుంటేనే పెట్టె పలుకుతుంది. లేకపోతే ఊరుకుంటుంది. మీకు తెలియని సంగతి కాదు."

"పలికింది పెట్టో పిల్లో చూసి చెప్పాల్సింది టీచరుగారు కదండీ. చూసే సంతకం పెట్టారనుకున్నాం."

"ఇవాళ్టి నుంచి పెట్టను."

"పెట్టకపోతే తనిఖీకి నేను రావాలి. తనిఖీలో పేరు పిలిస్తే గొంతు వినబడాలి, అంతే. అది కూడా మీరు రాసిందే మేడమ్. చాలా శ్రద్ధగా రాశారు."

వెక్కిరింపు కాదది. నిజంగానే మెచ్చుకున్నాడు.

లేచి గుమ్మం దాకా వచ్చి, ఐదేళ్ళుగా అడగనిది అడిగాను. "గవర్రాజు ఎక్కడున్నాడండీ?"

"ఏ గవర్రాజండి?" అన్నాడు. కాసేపాగి, "చూడాలండి" అన్నాడు. మజ్జిగ అలాగే వదిలేసి వచ్చాను. సంతకం పెట్టలేదు.

115వ రోజు

తరగతిని బయటికి, చేపలు ఎండబెట్టే దిబ్బ మీదికి తీసుకెళ్ళాను. పెట్టెకి అంత దూరం వినబడదు. వాసనకి ముక్కులు మూసుకుని వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్నారు. తరవాత నేను చెప్పింది విని నవ్వు మానేశారు.

అంతా చెప్పాను. ఎవరు రాశారో కూడా చెప్పాను.

ఏసుదాసు లేచాడు. తండ్రి జ్వరంతో పడుకుంటే ఆయన బదులు పంపు దగ్గరికి వెళ్ళి ఈ నెలలో ఇప్పటికే రెండు రోజులు బడి మానేశాడు. ఇంకొక్కటి పడితే పేరు పోతుంది. చేపల ముల్లులా సన్నగా ఉంటాడు గానీ మాట సూటిగా ఉంటుంది.

"మరి గవర్రాజన్నయ్యండి?"

వాళ్ళెవరూ వాడిని చూడలేదు. అయినా అన్నయ్య అంటారు.

"నిబంధన అమల్లోకొచ్చిన మూడో రోజున వాడు రాలేదు. గొంతు మాత్రం పలికింది. నా నిబంధన పని చేస్తోందని సంతోషించాను. వారం తరవాత భయం వేసింది. నెల తరవాత, అవతలి గట్టు బడికి వెళ్ళి ఉంటాడు, పెట్టెలో పేరు తియ్యడం మరిచిపోయారనుకున్నాను. అలా అనుకోవడం తేలిక. వాడికి అమ్మానాన్నా లేరు. వచ్చి నన్ను అడిగేవాళ్ళెవరూ లేకపోయారు."

వాళ్ళు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వెళ్ళేటప్పుడు ఏసుదాసు వెనకబడ్డాడు. "ఇష్టం లేకపోతే నోరు విప్పక్కర్లేదన్న హక్కుంది కదండి, నాలుగోది. అది హాజరుక్కూడా ఉంటాదాండి?"

నా బుర్ర ఎక్కడో ఉంది. పాత అలవాటుకొద్దీ చట్టం చెప్పేశాను. "అడిగేది సంఘమైతే ఉంటుంది. పెట్టె సంఘానిదే కదా."

"ఆయ్" అని పరిగెత్తాడు.

116వ రోజు

పదిన్నరకి విశ్వపతిగారు వచ్చాడు. ఇద్దరు కావలివాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. తనిఖీకి కన్నవాళ్ళు రావచ్చు కాబట్టి తాతారావుకి కబురు పెట్టాను. వెనక గోడకి ఆనుకుని నిలుచున్నాడు.

పెట్టె మొదలుపెట్టింది. "గవర్రాజు."

"వచ్చానండి." అదే పాత, లేత గొంతు.

రెండో పేరు పిలిచింది. ముందు బెంచీలో ఉన్న ఆ పిల్ల చేతులు కట్టుకుని నేరుగా చూస్తూ కూర్చుంది. పలకలేదు. పెట్టె ఇంకోసారి పిలిచి, గైర్హాజరు అని తరవాతి పేరుకి వెళ్ళింది. ఆ పిల్లాడూ పలకలేదు. ఆ తరవాతివాళ్ళూ పలకలేదు.

ఐదో పేరుకి నాకు అర్థమైంది. ఆపాలనిపించింది, ఆపలేదు. మూడో గట్టు బళ్ళో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పంపుల హోరు, పేరు, మళ్ళీ హోరు. ఒక్కొక్కరికీ గైర్హాజరు పడుతోంది.

"నూకరత్నం."

"ఆయ్, వచ్చేనండి." జలుబు గొంతు.

తాతారావు గోడ వదిలి బెంచీల మధ్య నుంచి నడిచి పెట్టె దగ్గరికి వెళ్ళాడు. "పాపా" అన్నాడు దానితో. కావలివాడు ఒకడు తల దించుకున్నాడు. పెట్టె తరవాతి పేరు పిలిచింది.

ఆఖరి పేరు ఏసుదాసుది. వాడికి ఇది మూడో గైర్హాజరు. "పలుకు" అని నా నోటిదాకా వచ్చింది. వాడు నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. పెట్టె రెండుసార్లు పిలిచి ఊరుకుంది.

నేను లేచి నిలబడ్డాను. పదేళ్ళ తరవాత నా పాత గొంతు వచ్చింది.

"రాసుకోండి విశ్వపతిగారూ. మీ కళ్ళెదుట కూర్చున్న ఇరవై రెండు మందీ లేరు. బెంచీల మీద లేని ఇద్దరూ ఉన్నారు. పెట్టె ఎవరికోసం పలుకుతుందో పదకొండో నిబంధనలో ఉంది. ఆ ఇద్దరూ మీ దగ్గర ఉన్నారని చెప్పింది నేను కాదు, మీ పెట్టె. ఏడు రోజుల లెక్క మొదలుపెట్టండి."

ఆయన పుస్తకం మూసి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇరవై రెండు మందికీ గైర్హాజరు పడిందండి, మేడమ్."

"పడిందని వాళ్ళకి తెలుసు."

ఆయన వెళ్ళాక ఎవరో ఏడవడం మొదలుపెడితే అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

118వ రోజు

నిన్న మధ్యాహ్నం నూకరత్నాన్ని గట్టు మీద వదిలి వెళ్ళారు. ఇవాళ బడికి వచ్చింది. బక్కచిక్కింది. తాతారావు గుమ్మం దాకా తెచ్చి దింపి, ఈసారి లోపలికి తొంగిచూడలేదు, నా వంక చూసి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం నాకు చెందేది కాదు.

ఏసుదాసు పేరు నిన్ననే కొట్టేశారు. పొద్దున పంపుల బట్టలు వేసుకుని బడి ముందు నుంచే నడిచి వెళ్ళాడు. పిల్లలు కిటికీల దగ్గరికి పరిగెత్తారు. వాడు చెయ్యి ఊపాడు గానీ ఆగలేదు. వాడి కోసం అర్జీ రాయడం మొదలుపెట్టాను.

పెట్టె హాజరు తీసుకుంది. "గవర్రాజు" అంది.

ఎవరూ పలకలేదు.

ఇంకోసారి పిలిచింది. పిల్లలందరూ ముందు బెంచీ చివరి ఖాళీ వైపు చూశారు. ఐదేళ్ళలో ఆ పేరు తరవాత నిశ్శబ్దం రావడం ఇదే మొదలు. గైర్హాజరు, అని ముందుకెళ్ళింది పెట్టె. ఆ గొంతు వింటే ఇన్నాళ్ళూ భయపడ్డాను. అది పలికినన్నాళ్ళూ వాడు అక్కడున్నట్టు ఒక ఆధారం ఉండేదని ఇప్పుడు తెలిసింది. మొన్న నేను గెలిచాననుకుంటే, వాళ్ళు వెళ్ళి విచారణ ఇంటి లెక్కలోంచి వాడి పేరు తీసేశారు. ఇప్పుడు వాడు బళ్ళోనూ లేడు, వాళ్ళ దగ్గరా లేడు.

నూకరత్నం కూడా తన పేరుకి పలకలేదు. పెట్టె కూడా పలకలేదు. పట్టీలో ఆ పేరు పక్కన నా చేత్తో "హాజరు" అని రాశాను.

మధ్యాహ్నం చేపల దిబ్బ మీద నా పక్కన వచ్చి కూర్చుంది. చాలాసేపు ఇసక గీకింది.

"నన్ను పెట్టిన గది గోడవతల ఎవరో ఉన్నారండి."

"ఎవరు?"

"కనపళ్ళేదండి. పొద్దున్నే మన పాఠం వల్లేస్తారు. మొదటి హక్కు, రెండో హక్కు, అలాగ. మగ గొంతండి. పెద్ద గొంతు, మా నాన్నగారి గొంతులాగ. ఎవరైనా కావలోడేమో, ఎక్కిరిత్తన్నాడేమో అనుకున్నాను. కానండి, ఐదోది తప్పు చెబుతున్నారు. రోజూ అదే తప్పు."

"ఏమని?"

"నన్ను తీసుకెళ్ళినట్టు మా బడికి చెప్పాలి, అని. అలా లేదు కదండి మన పాఠంలో. నేను గోడ మీద కొట్టి, నా హాజరు పోకూడదు అని దిద్దేను. కాసేపు ఆగి మళ్ళీ అదే చెప్పేరండి."

ఆ పాఠాన్ని ఆ మాటల్లో నేర్చుకున్నవాళ్ళందరూ ఇప్పుడు పెళ్ళిళ్ళు చేసుకుని తిరుగుతున్నారు. ఒక్కడు తప్ప. వాడికిప్పుడు పంధొమ్మిదేళ్ళు. గొంతు మారి ఉంటుంది. మారిందని నాకెందుకు తట్టలేదో.

సాయంత్రం పట్టీలో మొదటి పేరు పక్కన చేత్తో రాశాను: గవర్రాజు, గైర్హాజరు, ఒకటో రోజు. కింద సంతకం పెట్టాను. వాడి విషయంలో ఐదేళ్ళలో నేను పెట్టిన మొదటి నిజమైన సంతకం అదే.

119వ రోజు

ఇవాళ బడి విచారణ ఇంటి వెనక గోడ దగ్గర జరిగింది. పాఠం ఎక్కడ చెప్పాలో ఏ నిబంధనలోనూ లేదు. చూసుకునే వెళ్ళాను.

పొద్దున తొమ్మిదికల్లా ఇరవై రెండు మందీ వచ్చారు. పంపు దగ్గర ఒక గంట అడిగి ఏసుదాసు కూడా వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. తాతారావు, ఎండుచేపలమ్మే ఆవిడ, ఇంకా కొందరు గట్టు మీద నిలబడ్డారు. విశ్వపతిగారు పై కిటికీలోంచి చూస్తున్నాడు. చూడనీ.

నూకరత్నం గోడ తడుముతూ నడిచి ఒకచోట ఆగింది. "ఇక్కడండి."

పిల్లలు మొదలుపెట్టారు. పంపుల హోరులో పుట్టిన గొంతులు కదా, గోడ అదిరింది.

"ఒకటి. నన్నెందుకు పట్టుకున్నారో చెప్పాలి. రెండు. నా సంచీ వెతకాలంటే కాగితం చూపించాలి. మూడు. నన్ను అడిగేటప్పుడు నా పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. నాలుగు. నాకు ఇష్టం లేకపోతే నోరు విప్పక్కర్లేదు. ఐదు."

అక్కడ ఆగమని ముందే చెప్పాను. ఆగారు. ఉప్పు గాలి కొట్టింది. చేపలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమీ వినబడలేదు. నూకరత్నం గోడకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. నేను లెక్కపెట్టుకుంటున్నాను, ఎంతవరకు లెక్కపెట్టానో గుర్తులేదు.

అప్పుడు గోడ లోపలి నుంచి ఒక మగ గొంతు వచ్చింది. నేనెప్పుడూ వినని గొంతు. బొంగురుగా, తడబడుతూ, బళ్ళో నిలబడి అప్పచెబుతున్నట్టు పలికింది.

"నన్ను తీసుకెళ్ళినట్టు మా బడికి చెప్పాలి."

పిల్లలు నా వంక చూశారు. నేను దిద్దలేదు.